వరస చూసినవాడి మాట

గడువు ఇంకా ఐదు రోజులే ఉందనగా, మా అన్నయ్య పన్నెండో కట్ట మీద అరచెయ్యి పెట్టి, "కుట్టొద్దు" అన్నాడు.

మా బైండింగ్ షాపులో ఆ మాటకి తిరుగులేదు. ఏ పుస్తకమైనా కుట్టుకి వెళ్ళేముందు ఒక మనిషి దాని కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసి వరస చూస్తాడు. అంతా సరిగ్గా ఉంటే కట్ట మీద పచ్చ చీటీ పెడతాడు. చీటీ లేని కట్టని ముట్టుకోవడానికి మేస్త్రీకి కూడా అధికారం లేదు. ఈ రూలు పెట్టింది మా అమ్మే. ఒక వైద్య పుస్తకంలో గుండె జబ్బుల అధ్యాయం మధ్యలో కుట్టుపని పుస్తకం కాగితాలు కలిపి కుట్టేసి, డాక్టర్లందరి చేతా చీవాట్లు తిన్న ఏడాది పెట్టింది. యజమానికైనా ఇదే రూలు అని గోడ మీద పెయింటుతో రాయించింది కూడా.

పదమూడేళ్ళుగా వరస చూసే పని అన్నయ్యది. అన్నయ్యకి ముప్పై రెండు. ఆటిజం ఉంది. ట్యూబులైటు రెపరెపలాడితే పడదు, కటింగ్ మెషీన్ చప్పుడు పడదు. అందుకని చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కిటికీ పక్కన, పగటి వెలుతుర్లో పనిచేస్తాడు. మాటలు తక్కువ. జవాబులు ఆలస్యంగా వస్తాయి. తొందరపెడితే లోపల మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి.

మేస్త్రీ సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపాడు.

"పేజీ ఎగిరిందా అబ్బాయ్?"

"లేదు."

"చిరిగిందా?"

"లేదు."

"మరింకేం? ఐదు రోజుల్లో అరవై రెండు పుస్తకాలు కుట్టాలి. ఇప్పుడు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే నా కొంప మునుగుతుంది."

నిజానికి మునిగేది మేస్త్రీ కొంప కాదు, మాది. ఆ ఎండాకాలం జాతీయ ఆటిజం బిల్లు పార్లమెంటు కమిటీ ముందుకొచ్చింది. బడిలో చోటు, ఉద్యోగంలో సర్దుబాట్లు, ఆసుపత్రిలో చప్పుడు లేని గది, అన్నీ అందులో ఉన్నాయి. అది అక్కడిదాకా రావడానికి మా అమ్మ, ఆమె సెక్రటరీగా ఉన్న తల్లిదండ్రుల సంఘం ఎనిమిదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు. దేశమంతటినుంచీ ముప్పై ఒక్క వేల మద్దతు పత్రాలు వచ్చాయి. విడి కాగితాలు కమిటీ తీసుకోదు. ఐదువందల కాగితాలకి ఒక పుస్తకం చొప్పున కుట్టి, శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు ఇవ్వాలి. ఈ సమావేశాల్లో బిల్లు గట్టెక్కకపోతే తర్వాత ఎన్నికలు. ఎన్నికల తర్వాత ఎవరొస్తారో, వాళ్ళకి ఆటిజం అనే మాటైనా తెలుసో లేదో.

అమ్మ పరుగున వచ్చింది. అన్నయ్య కట్టలోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. అది అతని పత్రమే. పేరు, వయసు, ఎప్పుడు ఆటిజం అని తేలింది, అన్నీ అమ్మ దస్తూరీలో ఉన్నాయి. అడుగున తల్లి లేక తండ్రి సంతకం. దాని పక్కన డాక్టరు సంతకం.

"నాదెక్కడ?" అన్నాడు అన్నయ్య.

"ఏది నాన్నా?"

"సంతకం."

అమ్మ కాగితాన్ని ఇటూ అటూ తిప్పింది, వెనకాల ఉందేమోనన్నట్టు. ఆ పత్రం అమ్మే తయారుచేసింది. భోజనాల బల్ల మీద ఎనిమిదిసార్లు తిరగరాసింది. జడ్జిగారు చూశారు, డాక్టర్లు చూశారు, ముప్పై ఒక్క వేలమంది సంతకాలు చేశారు. శుభలేఖ అంతా అచ్చువేసి పెళ్ళికొడుకు పేరు మర్చిపోయినట్టు, ఎవరి కోసం ఇదంతా అనేవాళ్ళకి సంతకం చోటు పెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"నీ తరఫున నేను చేశాను కదా."

అన్నయ్య వేలు కాగితం మీద అచ్చువేసిన బిల్లు అంశాల వెంట మెల్లగా పైకి పాకి, తొమ్మిదోదాని దగ్గర ఆగింది. నేను అమ్మ భుజం మీంచి చదివాను. పెద్దయిన ఆటిజం వ్యక్తి ఎక్కడ నివసించాలన్నది సంరక్షకుల నిర్ణయం. సంరక్షకులు లేకుంటే గుర్తింపు పొందిన ఆశ్రమం.

"తొమ్మిది వద్దు. నన్ను అడగలేదు."

ఆ తొమ్మిది అమ్మ పట్టుబట్టి పెట్టించింది. మూడేళ్ళ కిందటి శీతాకాలం ఆమెకి గుండె ఆపరేషన్ అయింది. ఆసుపత్రి మంచం మీదే మొదటి ముసాయిదా రాసింది. తను పోయాక కొడుకు వీధిన పడకూడదని, చట్టంతో గోడ కట్టించాలనుకుంది. గోడ లోపల ఉండాల్సినవాడు ఇప్పుడు ఎదురుగా నిలబడి వద్దంటున్నాడు.

"నీకు అర్థం కాదు నాన్నా. ఇది నీ మంచికే," అంది అమ్మ.

అన్నయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ముందు పదకొండు కట్టల మీద పెట్టిన చీటీలు కూడా తీసేసుకుని, పచ్చ చీటీల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే సంఘం అధ్యక్షుడు, రిటైరైన జడ్జిగారు షాపుకొచ్చారు. ఆయన మనవరాలికి ఆటిజం. మనిషి మంచివాడే, కాకపోతే ఎవరితో మాట్లాడినా తీర్పు చదువుతున్నట్టే ఉంటుంది.

"సెక్రటరీ గారూ, సంతకాలయ్యాక అందులో అక్షరం మార్చినా మోసమవుతుంది. ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలి. మనలో మనకే తేడా ఉందని బయటికి పొక్కిందా, వద్దనేవాళ్ళు పండగ చేసుకుంటారు. బిల్లు మూలన పడుతుంది."

"తెలుసండీ."

"మరి మీ అబ్బాయి..."

"వాడు చీటీ ఇవ్వడు."

"ఊళ్ళో మీదొక్కటే బైండింగ్ షాపా అమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. షాపు వ్యాను నడిపేది నేనే. ఏమీ అనకుండా తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. అరవై రెండు కట్టలూ నేనూ మేస్త్రీ వ్యానులోకి ఎక్కిస్తుంటే అన్నయ్య కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆపలేదు, అరవలేదు. ఒక్కో కట్ట గుమ్మం దాటుతుంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు, అంతే. నాకు దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకులే అనుకుని ఊరుకుంటున్నాను గానీ, ఇది బాలేదు చిన్నమ్మాయ్," అన్నాడు మేస్త్రీ చివరి కట్ట పెడుతూ.

"ఇక్కడ దురద కందదే కదా బాబాయ్," అన్నాను.

నది అవతలి షాపు పెద్దాయన్ని అందరూ సుత్తి అంటారు. పుస్తకం వీపు సుత్తితో కొట్టి గుండ్రంగా తేల్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. నోరు విప్పితే ఓ పట్టాన ఆపడు కూడా. రెండింటికీ కలిపి ఒకే పేరు సరిపోయింది. మాకూ ఆయనకీ ముప్పై ఏళ్ళుగా పోటీ. వ్యాను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏమ్మా, మీ అమ్మ పంపించిందా? మీ షాపు మూసేశారా, నా పంట పండిందా? అర్జంటా? నాలుగు రోజులా? చేస్తాను. ఆవిడ పని నా చేతికి రావడమే చాలు, చేస్తాను. వరస చూడటమైందా?"

ఎవరైనా అడిగే ప్రశ్నే అది. ఇంటికొచ్చినవాళ్ళని మంచినీళ్ళు తాగుతారా అన్నట్టు ఆ వృత్తిలో అందరూ అడుగుతారు. అయిందండీ అంటే సరిపోయేది. పన్నెండు కట్టల వరకూ అది అబద్ధం కూడా కాదు.

"అయింది. మా అన్నయ్య చూశాడు," అన్నాను. తర్వాత మాట నోట్లో ఆగలేదు. "కుట్టొద్దన్నాడు."

సుత్తి పెద్దాయన దించుతున్న కట్టని మళ్ళీ వ్యానులో పెట్టేశాడు.

"కాగితాలు తారుమారయ్యాయా?"

"లేదండీ. అందులో ఉన్న విషయం అతనికి సమ్మతం కాదు. తన గురించే రాసి తనని అడగలేదన్నాడు."

ఆయన కాసేపు గడ్డం గీరుకున్నాడు. అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"చూడమ్మా. కిందటేడు మీ అన్నయ్య మా షాపు పుస్తకం ఒకటి లైబ్రరీలో తిరగేసి, రెండువందల ఆరో పేజీ తలకిందులుగా ఉందని చీటీ రాసి పంపాడు. నిజమే ఉంది. పదిమందికి జీతాలిస్తున్నాను, ఒక్కడూ చూడలేదు. అలాంటి వరస మనిషి వద్దన్న పని నేను కుడితే రేపు నా సుత్తికి విలువేముంటుంది? తీసుకెళ్ళు. కోపం తెచ్చుకోకు. మీ అమ్మకి కూడా ఇదే మాట చెప్పు."

చెప్పాను. అమ్మ జిగురు కలుపుతోంది. చెయ్యి ఆగింది.

"ఆ సుత్తిగాడు అన్నాడా? మన పని వద్దన్నాడా?"

"అన్నయ్య వద్దన్న పని తను చెయ్యనన్నాడు."

గిన్నె అంచుల్లో జిగురు గడ్డకట్టింది. తర్వాత అమ్మ చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర అన్నయ్య ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నేను విన్నంతవరకూ ఆమె ఈ మాట అడగడం అదే మొదటిసారి.

"నీకేం కావాలి నాన్నా?"

గోడ గడియారంలో ముల్లు నాలుగు నిమిషాలు కదిలింది. మేస్త్రీ ఏదో అనబోతే అమ్మ చేత్తోనే వారించింది. అన్నయ్య ఒక ఖాళీ కాగితం తీసుకుని, పైన రాశాడు. నీకు ఎక్కడ ఉండాలని ఉంది? ఎవరితో? దాని కింద కాగితమంతా ఖాళీగా వదిలేశాడు. అడుగున ఒక గీత గీసి, నీ సంతకం లేక నీ గుర్తు అని రాశాడు.

"ఇది ముందు," అన్నాడు. "తర్వాత మీవి."

మొదటి పుస్తకం ఆటిజం ఉన్నవాళ్ళు స్వయంగా నింపింది. ఆ తర్వాతే మా అరవై రెండూ. అంతే అతని షరతు. అమ్మ అక్కడే కూర్చుని పుస్తకాల పైన పెట్టడానికి కమిటీకి ఒక ఉత్తరం రాసింది. "తొమ్మిదో అంశం నేను రాసింది. అది ఎవరి గురించో వాళ్ళని అడగకుండా రాశాను. అందుచేత ఆ ఒక్క అంశం మీద మా సంతకాలు కాదు, మొదటి పుస్తకం చూడండి." జడ్జిగారికి ఫోన్లో చదివి వినిపించింది. అవతలినుంచి ఏం వచ్చిందో గానీ అమ్మ మాత్రం, "బిల్లు పోతే నన్ననండి. పడతాను. మళ్ళీ ఎనిమిదేళ్ళు తిరుగుతాను," అని పెట్టేసింది.

అన్నయ్య డబ్బా మూత తీసి మొదటి పచ్చ చీటీ మేస్త్రీ చేతికిచ్చాడు.

*

మంగళ, బుధ, గురువారాలు. మూడు రోజులు నా కాళ్ళకీ వ్యానుకీ కలిపి చక్రాలే. షాపులో మేస్త్రీ, అమ్మ కుడుతూనే ఉన్నారు. వరస చూడటం మధ్యాహ్నానికల్లా ముగించి అన్నయ్య నా పక్క సీట్లో కూర్చునేవాడు. సంఘం జాబితాలో ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరి గుమ్మాలూ తొక్కాం. వేరే ఊళ్ళ వాళ్ళకి కాగితం ఫోన్లో పంపాం.

బేకరీలో రేకులు తుడిచే నలభై ఏళ్ళావిడ ఇరవై నిమిషాలు ఆలోచించి రాసింది. "అక్క ఇంట్లో ఉంటాను. అక్క పాడటం ఆపాలి." అక్క పక్కనే ఉంది. "పాతికేళ్ళుగా పాడుతున్నానే, ఒక్కసారైనా చెప్పావా?" అంది. "నువ్వు అడగలేదు," అంది చెల్లెలు.

అసలు మాట్లాడని ఒకాయన ఫోన్లో టైపు చేసి చూపించాడు. "హాస్టల్లో వద్దు. ఒక గది, నా తాళం, వారానికి రెండుసార్లు వచ్చే మనిషి." మేం లేచి వస్తుంటే వెనకనుంచి మళ్ళీ ఫోను చాపాడు. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?"

ఒక ఇంట్లో తండ్రి తలుపు సగమే తీశాడు. "మావాడికేం తెలుస్తుందమ్మా. ఆ కాగితమేదో ఇటివ్వు, నేనే నింపుతాను." అన్నయ్య ఆయన చేతి కిందనుంచి కాగితం లోపలికి చాపాడు. లోపల కుర్రాడు అందుకుని నేలమీద పడుకుని బొమ్మ వేశాడు. రెండు కిటికీల ఇల్లు, పక్కన కుళాయి, కుళాయి కింద ఒక బకెట్టు. తండ్రి దాన్ని చూసి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"మా అత్తగారిల్లు. అమ్మేసి ఆరేళ్ళయింది. వీడికి గుర్తుందా?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి తన సంతకం చోటు కోసం వెతికాడు. ఈసారి అది లేదు.

గురువారం సాయంత్రానికి రెండువందల పద్నాలుగు కాగితాలయ్యాయి. ముప్పై ఒక్క వేల ముందు బక్కపలచని పుస్తకం. అన్నయ్య రెండుసార్లు వరస చూసి, తన కాగితాన్ని మధ్యలో ఎక్కడో పెట్టి, పచ్చ చీటీ వేశాడు. దాన్ని అమ్మ తన చేత్తో కుట్టింది. శుక్రవారం మూడు గంటల యాభై నిమిషాలకి కమిటీ కార్యాలయంలో గుమాస్తా అరవై మూడు పుస్తకాలకి ముద్ర వేశాడు.

*

మూడు వారాల తర్వాత వాదనలకి పిలిచారు. అమ్మ ముందే రాసి అడిగితే ఆ హాల్లో సగం లైట్లు తీసేశారు. కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని మొదటి పుస్తకం తిరగేస్తోంది. బకెట్టు బొమ్మ దగ్గర ఆగడం నాకు కనిపించింది. జడ్జిగారు మా వెనక వరసలో కూర్చుని ఉన్నారు, శిక్ష వినబోయే ముద్దాయిలాగా.

"సెక్రటరీ గారూ, తొమ్మిదో సెక్షన్ కావాలని మూడేళ్ళుగా అడిగింది మీరే. ఇప్పుడు వద్దంటున్నదీ మీరే. మేం దేన్ని నమ్మాలి?"

"రెండూ నమ్మండి," అంది అమ్మ. "నేను పోయాక వీడేమవుతాడన్న భయం నిజం. ఆ భయంలో వీణ్ణే అడగడం మర్చిపోయిందీ నిజం. మీరడగాల్సింది నన్ను కాదు."

అధ్యక్షురాలు అన్నయ్య వైపు తిరిగింది. "చెప్పండి. ఈ సెక్షన్ ఎలా ఉండాలి?"

అన్నయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. హాలు నిశ్శబ్దమైంది. అర నిమిషం. ఒక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. నిమిషం. ఇంకొకాయన చేతి గడియారం చూసుకుని, "పోనీ, తల్లిగారే చెబితే..." అన్నాడు.

"ఆగండి," అంది అమ్మ. గొంతు పెంచలేదు.

ఆగారు. ఎనిమిదేళ్ళుగా వీళ్ళందరి గుమ్మాల ముందూ మేం ఆగాం. ఆ గదిలో వాళ్ళు ఆగడం అదే మొదలు.

"ఎక్కడ ఉండాలో నన్ను అడగండి," అన్నాడు అన్నయ్య. "నాకు టైం పడుతుంది. అప్పటిదాకా ఉండండి. అమ్మ సాయం చేస్తుంది. అమ్మ నిర్ణయించదు."

అధ్యక్షురాలు అది తనే రాసుకుంది, పక్కన గుమాస్తా ఉండగానే.

సమావేశాల ఆఖరి రోజు, మొదటి వాన పడిన రోజు, బిల్లు గట్టెక్కింది. తొమ్మిదో సెక్షన్ నిలబడింది గానీ లోపల మాటలు మారాయి. ఎక్కడ, ఎవరితో ఉండాలన్నది ఆ వ్యక్తి నిర్ణయం. మాట, రాత, బొమ్మ, సైగ, ఏ రూపంలో చెప్పినా చెల్లుతుంది. దానికి కావలసినంత సమయం, కోరిన సాయం ఇవ్వాలి. జడ్జిగారు ఫోన్ చేసి, "చీలిక అనుకున్నానమ్మా, కుట్టయింది," అన్నారు. నెల తిరిగేసరికి సంఘం కార్యవర్గంలో అన్నయ్యా, ఫోన్లో టైపు చేసే ఆయనా, బేకరీ ఆవిడా ఉన్నారు. మీటింగులు ఇదివరకటికన్నా రెట్టింపు సేపు జరుగుతున్నాయి. పనులు మాత్రం ఒక్కసారికే అవుతున్నాయి.

ఆ చట్టాన్ని మా ఇంట్లో మొదట వాడింది అన్నయ్యే. మా మీదే వాడాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, షాపు పైన అట్టలు పెట్టే గది తనకి కావాలన్నాడు. ఉండటానికి.

అమ్మ మూడు రోజులు వాదించింది. మెట్లు నిటారుగా ఉన్నాయంది. కుళాయి కారుతుందంది. అట్టల వాసన అంది. అన్నయ్య మెట్లకి తాడు కట్టించాడు, కుళాయి బాగుచేయించాడు, వాసన తనకి ఇష్టమేనన్నాడు. నాలుగో రోజు మేస్త్రీ జోక్యం చేసుకున్నాడు.

"చట్టం మీరు తెచ్చిందేగా అమ్మగారూ."

"నువ్వు నోరు మూసుకుని కుట్టు," అంది అమ్మ. ఆ మధ్యాహ్నమే పరుపు పైకి మోయించింది.

మర్నాడు పని ముగిశాక ఒక దిండు చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. నేను కింద నిలబడ్డాను. తలుపు తోసుకుని వెళ్ళబోయి, ఆగి, రెండు వేళ్ళతో తట్టింది. అన్నయ్య గది తలుపు ఆమె తట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, లోపలికి రానా?"

వాన జల్లు రేకుల మీద పడుతోంది. అమ్మ తడుస్తూనే నిలబడింది, పిలవలేదు, రెండోసారి తట్టలేదు. చివరికి లోపలినుంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"రేపు రా."

అమ్మ దిండు గుమ్మం ముందు చూరు కింద పెట్టి, తాడు పట్టుకుని మెల్లగా దిగొచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నా మొహంలోకి చూసి, కొడుక్కి పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన తల్లిలా నవ్వింది.

"విన్నావా?" అంది. "రేపు రమ్మన్నాడు."